ఆసుపత్రి బిల్లు కలెక్షన్‌కి వెళ్తే: అమెరికాలో ఉన్న మనవాళ్లకి

నేను న్యూజెర్సీలో మెడికల్ బిల్లింగ్ పని చేస్తాను. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు కలెక్షన్ ఏజెన్సీ (ఆసుపత్రి తరఫున బాకీ వసూలు చేసే కంపెనీ) నుంచి ఉత్తరం రాగానే నాకు ఫోన్ చేస్తుంటారు. క్రెడిట్ స్కోరు పడిపోతుందేమో, ఇంటి లోన్ రాదేమో అని టెన్షన్. ఆ భయంలోనే చాలామంది ఏజెన్సీవాళ్లకి ఫోన్‌లో కార్డు నంబరు చెప్పేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కొంచెం కట్టినా చాలా రాష్ట్రాల్లో పాత బాకీకి కేసు వేసే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది.

ముందు ఉత్తరం రాయండి. ఏజెన్సీ మిమ్మల్ని మొదట సంప్రదించిన ఐదు రోజుల్లోపు బాకీ వివరాలతో నోటీసు పంపాలి. అది అందిన 30 రోజుల్లోపు "ఈ బాకీ నేను ఒప్పుకోవడం లేదు, ఆధారాలు పంపండి" అని రాసి పంపితే, ఆధారం చూపేదాకా వాళ్లు వసూలు ఆపాల్సిందే. 1977 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చిన హక్కు ఇది. నోటిమాట చాలదు. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, రసీదు, కాపీ దాచుకోండి.

ఈలోగా ఆసుపత్రిని ఐటమైజ్డ్ బిల్లు (ఏ సేవకి ఎంతో విడివిడిగా రాసిన బిల్లు) అడిగి, ఇన్సూరెన్స్ పంపిన ఈఓబీతో, అంటే వాళ్లు ఎంత కట్టారో, మీరు ఎంత కట్టాలో చెప్పే పత్రంతో, లైను లైనుగా సరిచూడండి. అసలు సంగతి ఎక్కువగా ఇక్కడే బయటపడుతుంది. మెంబర్ ఐడీ తప్పు పడి క్లెయిమ్ వెనక్కొచ్చి ఉంటుంది. లేదా పుట్టిన బిడ్డ పేరు 30 రోజుల గడువులో పాలసీలో చేర్చి ఉండరు. ప్రసవం హడావిడిలో ఇది మనవాళ్లు మరిచిపోయే విషయం, కాబట్టి తండ్రులు ఆ పని మీద వేసుకోండి. టెక్సస్‌లో అయితే 2023 నుంచి ఆసుపత్రి ఐటమైజ్డ్ బిల్లు ఇవ్వకుండా వసూలుకి వెళ్లకూడదు. ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి (మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం లేని) ఆసుపత్రికి వెళ్లినా, ఇన్సూరెన్స్ ఉంటే అదనపు బిల్లు వేయడం 2022 నుంచి నిషేధం.

లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టండి. డిశ్చార్జ్ తర్వాత మొదటి బిల్లు వచ్చినప్పటి నుంచి 240 రోజులు టైముంది.

ఇక క్రెడిట్ రిపోర్ట్. 500 డాలర్ల లోపువి, కట్టేసినవి, ఏడాది దాటని మెడికల్ బాకీలు క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే మూడు పెద్ద బ్యూరోలూ చూపించడం లేదు. కానీ అది వాళ్లంతట వాళ్లు పెట్టుకున్న పద్ధతి, చట్టం కాదు. మెడికల్ బాకీలన్నీ తీసేయాలని 2025 జనవరిలో సీఎఫ్‌పీబీ (వినియోగదారుల ఆర్థిక రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) తెచ్చిన రూల్‌ను జూలైలో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కొలరాడో, న్యూయార్క్, కాలిఫోర్నియా, మా న్యూజెర్సీ మెడికల్ బాకీని క్రెడిట్ రిపోర్ట్‌లో పెట్టకుండా సొంత చట్టాలు చేసుకున్నాయి. అయితే ఫెడరల్ చట్టం ముందు ఇలాంటి రాష్ట్ర చట్టాలు చెల్లవని అదే సీఎఫ్‌పీబీ 2025 అక్టోబర్‌లో చెప్పింది. రోగంతో వచ్చిన అప్పు మనిషి నమ్మకానికి కొలత ఎలా అవుతుంది? నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అందుకే మీ రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడికీ, వాషింగ్టన్‌లోని మీ ప్రతినిధికీ ఫోన్ చేయండి. హెచ్‌1బీ మీద ఉన్నా, ఓటు లేకపోయినా మీరు ఆ నియోజకవర్గంలో ఉంటున్నవాళ్లే. పేరు, జిప్ కోడ్ చెప్పండి. మెడికల్ బాకీని క్రెడిట్ రిపోర్ట్‌లో పెట్టకుండా చట్టం కావాలనండి. మీ బిల్లు కథ రెండు ముక్కల్లో చెప్పి, సభ్యుడి అభిప్రాయం రాతపూర్వకంగా పంపమని అడగండి.