బ్రెయిన్ ట్యూమర్ ఆపరేషన్ అయినంక స్కాన్లు ఎట్ల దాచుకోవాలె, డాక్టర్‌ను ఏమడగాలె

మా బాపుకు మెదడుల గడ్డ తీసినంక రెండేండ్లు ఫైలు పట్టుకొని తిరిగింది నేనే, హన్మకొండ, జనగామ, పరకాల దిక్కు నుంచి హైదరాబాద్ పోయి చూపించుకునేటోళ్లకు పనికొస్తదని రాస్తున్న. ఇది గ్లయోమా అనే గడ్డల ముచ్చట, వేరే కేన్సర్ల లెక్క వేరే.

అన్నిటికన్న ముఖ్యం ఆపరేషన్ అయినంక తీసే మొదటి ఎంఆర్ఐ. 24 నుంచి 48 గంటల్ల, ఎంత లేటైనా 72 గంటల లోపు కాంట్రాస్ట్ (గడ్డ తెల్లగ మెరిసి కనబడనీకి నరంల ఎక్కించే మందు) ఇచ్చి తీస్తరు. ఇంకా లేటైతే కోసిన కాడ మానుతున్న అంచు కూడ తెల్లగ మెరుస్తది, ఇగ మిగిలిన గడ్డ ఏదో మానే పుండు ఏదో చెప్పుడు కష్టం. గ్లయోబ్లాస్టోమా (గ్లయోమాలల్ల జోరుగ పెరిగే రకం) మళ్లొస్తే చాలా మట్టుకు తీసిన గుంత చుట్టు 2 సెంటీమీటర్ల లోపల్నే వస్తది, అందుకే తర్వాత తీసిన ప్రతి స్కాన్‌ను పాత దాని పక్కన పెట్టి ఆ అంచునే చూస్తరు. ఒక్క స్కాన్ చూసి ఎవ్వరూ గట్టిగ చెప్పలేరు.

అందుకే సీడీ అడిగి తీసుకోండి, ఫిల్ములు ఒక్కటే సరిపోవు. మేం ఒకసారి పొద్దుగాల కాజీపేటల రైలెక్కి పోయినం, తీరా చూస్తే పాత సీడీ ఇంట్ల బీరువాలనే ఉండిపోయింది, పోల్చనీకి లేదని మళ్ల రమ్మన్నరు, నడవలేని మనిషిని పట్టుకొని మళ్ల అంత దూరం. ఇంటికి రాంగనే సీడీలన్నీ పెన్‌డ్రైవ్‌ల కూడ ఎక్కించిన. వీలైతే ప్రతిసారి ఒకటే సెంటర్ల, ఒకటే మిషన్ మీద తీయించండి.

ఫైలు ముందల ఒక కాయితం పెట్టి మూడు రాయండి: ఆపరేషన్ తారీఖు, రేడియేషన్ అయిపోయిన తారీఖు, స్కాన్ రోజు డెక్సామెథసోన్ (మెదడు వాపు తగ్గనీకి ఇచ్చే స్టెరాయిడ్ మందు) డోసు. రేడియేషన్ అయినంక మొదటి 3 నెలల్ల గడ్డ పెరిగినట్టే కనబడొచ్చు, అది నిజంగ పెరుగుడు కాకపోవచ్చు, రేడియేషన్, మందుల ప్రభావానికి వచ్చిన వాపు కావొచ్చు, దీన్ని సూడోప్రోగ్రెషన్ అంటరు. రిపోర్టుల "పెరిగింది" అని చదివి మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలే, ఆ తారీఖు చూసినంకనే డాక్టర్ ఆగుదాం అన్నడు. స్టెరాయిడ్ డోసు ఎక్కువుంటే మెరుపు తగ్గి గడ్డ చిన్నగైనట్టు కనబడుతది, అదీ మోసమే. అనుమానముంటే "పర్ఫ్యూజన్ తీయిస్తరా సార్" అని అడగండి, అది ఎంఆర్ఐలనే ఒక రకం, గడ్డల రక్తం ఎక్కువ పారుతదా లేదా అండ్ల తెలుస్తది, నిజంగ పెరిగే గడ్డకు సాధారణంగ రక్తం ఎక్కువ పారుతది.

స్కాన్‌కు పోయే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) టెస్టు చేయించుకోండి, కాంట్రాస్ట్‌కు అడుగుతరు. పేస్‌మేకర్, క్లిప్పులు, ఒంట్ల ఏ లోహమున్నా ముందే చెప్పాలె.

గ్లయోబ్లాస్టోమాకు మామూలుగ 2, 3 నెలలకొక స్కాన్ రాస్తరు. కని ఫిట్స్ వచ్చినా, పొద్దుగాల తలనొప్పితోని వాంతులైనా, చెయ్యి కాలు గుంజినట్టైనా, మాట తడబడినా స్కాన్ తారీఖు దాక ఆగకండి, 108కు ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో దగ్గరున్న పెద్దాస్పత్రికో తీస్కపోండి, ఆ ఫైలు సంచి కూడ చేతుల పట్టుకొనే పోండి.