మామిడి పండు ఈగ పేగు బ్యాక్టీరియా: కోసి చూసే ముందు జాగ్రత్తలు

• ఈగను 70 శాతం ఇథనాల్‌లో నిమిషం ముంచి, స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) నీటితో మూడుసార్లు కడగండి. చివరి నీరు పారబోయొద్దు. అందులో 100 మైక్రోలీటర్లు అగర్ ప్లేటుపై (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లెం) పరచండి. కాలనీలు వచ్చాయా, ఒంటిమీది బ్యాక్టీరియా పోనట్టే. ఇక పేగు ఫలితాలన్నీ అనుమానమే.

• మగ ఈగలను లాగే మిథైల్ యూజినాల్ ఎరలో చచ్చిపడిన ఈగలు వద్దు. కుళ్లు బ్యాక్టీరియా చేరుతుంది, పైగా దాదాపు అన్నీ మగవే. వలతో బతికినవి పట్టండి.

• ముందు ఈగ జాతి తేల్చండి: బాక్ట్రోసెరా డోర్సాలిస్, జొనాటా, కరెక్టా మూడూ మామిడికి వస్తాయి.

• డీఎన్ఏ తీసేటప్పుడు ఈగ లేని ట్యూబు ఒకటి నడపండి. కిట్ల రసాయనాల్లోనూ బ్యాక్టీరియా డీఎన్ఏ ఉంటుంది.

• 16ఎస్ (బ్యాక్టీరియాను గుర్తించడానికి చదివే జన్యువు) ఒక్కదానితోనే బ్యాక్టీరియా జాతి పేరు రాసేయొద్దు. క్లెబ్సియెల్లా, ఎంటరోబాక్టర్ జాతులు దానితో సరిగా విడిపోవు. ఆర్‌పీఓబీ జన్యువూ చూడండి.

• ఈగ కణాల లోపల బతికే వోల్బాకియా బ్యాక్టీరియా అగర్‌పై పెరగదు. ప్లేటులో కనబడలేదంటే లేదని కాదు.