జిరాక్స్ కాపీలో ముఖాలు నల్లబడటం, షేడ్లు ఎగిరిపోవడం: సమస్య, కారణం, పరిష్కారం

ఆధార్ కాపీలో ముఖం నల్లటి మచ్చలా వస్తుంది. పాత దస్తావేజు కాపీలో రబ్బరు ముద్ర కింద సంతకం కనపడదు. పెన్సిలుతో గీసిన స్థలం ప్లాను తెల్లకాగితంలా వస్తుంది. ఒంగోలు కలెక్టరేటు దగ్గరైనా, నెల్లూరు రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కనైనా, జిరాక్స్ షాపులో ఇలాంటి కాపీ రాగానే చేయి ముందు డార్క్, లైట్ మీట మీదికే పోతుంది. ఆ మీట పేజీ మొత్తాన్ని ఒకేసారి నలుపుకో తెలుపుకో జరుపుతుంది. ముఖం తేలిందనుకుంటే అక్షరం పలచబడుతుంది, అక్షరం నిలిచిందనుకుంటే ముఖం ముద్దవుతుంది. బూడిద షేడు ఎక్కడ పోతోందో తెలుసుకోకుండా ఆ మీట ముట్టుకోకపోవడం మంచిది.

మిషను బూడిద రంగును ఎలా వేస్తుంది

స్కానరు ప్రతి బిందువునూ 0 నుంచి 255 దాకా 256 మెట్లలో చూస్తుంది. కాగితం మీదికి వచ్చేసరికి మిషను దగ్గరున్నది నల్ల పౌడరు ఒక్కటే. అందుకే బూడిద రంగును సన్నటి నల్ల చుక్కలు, మధ్యలో వదిలిన తెలుపు కలిపి చూపిస్తుంది. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) మిషనులో 8 అడ్డం, 8 నిలువు చుక్కల గడిని ఒక యూనిట్‌గా తీసుకుంటే 64 చుక్కలు, అంటే తెలుపుతో కలిపి 65 షేడ్లు. కానీ అప్పుడు అంగుళానికి 75 గడులే పడతాయి, సన్నటి గీత అంచు పళ్లు పళ్లుగా వస్తుంది. షేడ్లు పెరిగితే పదును తగ్గుతుంది, పదును పెరిగితే షేడ్లు తగ్గుతాయి. టెక్స్ట్, ఫొటో, టెక్స్ట్/ఫొటో అని మోడ్లు వేరువేరుగా ఉన్నది ఇందుకే. టెక్స్ట్ మోడ్ నడిమి షేడ్లను వీలైనంతవరకూ నలుపుకో తెలుపుకో తోసేస్తుంది. ఫొటో మోడ్ వాటిని నిలబెడుతుంది, అక్షరాన్ని కొంచెం నలిపేస్తుంది.

ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోండి

కంప్యూటరులో 0, 10, 20 అలా 100 శాతం వరకు 11 గళ్ల బూడిద పట్టీ ఒకటి తయారు చేయండి. దాన్ని ఫొటో స్టూడియోలో 6×4 ఫొటో కాగితం మీద ప్రింటు తీయించండి. మామూలు లేజర్ ప్రింటు దీనికి పనికిరాదు, దాని చుక్కలూ మీ మిషను చుక్కలూ కలిసి కొత్త గళ్లు పుడతాయి. ఎండ తగలకుండా కవరులో దాచితే ఏళ్లపాటు పనికొస్తుంది.

ఈ పట్టీని అద్దం మీద పెట్టి, ఫొటో మోడ్‌లో, ఆటో డెన్సిటీ తీసేసి, డెన్సిటీ (అదే డార్క్, లైట్ మీట) మధ్యలో ఉంచి కాపీ తీయండి. తరవాత అదే పట్టీ ఫైలును కంప్యూటరు నుంచి అదే మిషనుకు ప్రింటు పంపండి. ప్రింటు బాగుండి కాపీ చెడితే తప్పు అద్దం, అద్దాల కింది మిర్రర్లు, స్కానరు, మోడ్ వైపు ఉంది. రెండూ ఒకేలా చెడితే డ్రమ్ (పౌడరు అంటి బొమ్మ ఏర్పడే గొట్టం), పౌడరు, డెవలపర్ (పౌడరుతో కలిసే ఇనుప రేణువుల పొడి), కాగితం వైపు చూడాలి. 11 గళ్లలో 8 లేదా 9 విడివిడిగా కనబడితే నలుపు తెలుపు మిషనుకు అది మంచి ఫలితమే. చివరి రెండు నల్ల గళ్లు కలిసిపోవడం మామూలు. 50, 60, 70 గళ్లు కలిసిపోతే మాత్రం ఊరుకోకూడదు, మనుషుల ముఖాలు పడేది ఆ గళ్లలోనే.

ముఖం నల్లముద్దగా వస్తోంది

ఎక్కువసార్లు కారణం టెక్స్ట్ మోడే. షాపులో రోజంతా అక్షరాలే కాపీ తీస్తారు కనుక మిషను ఆ మోడ్‌లోనే ఉండిపోతుంది. చామనచాయ ముఖం అసలే నడిమి షేడు దాటి ఉంటుంది. పౌడరు చుక్క కాగితం మీద కొంచెం పరుచుకుంటుంది కాబట్టి 60 శాతం వేయాల్సిన చోట 75 శాతంలా కనబడుతుంది. కళ్లూ ముక్కూ కలిసిపోవడం అక్కడే మొదలవుతుంది.

టెక్స్ట్/ఫొటో మోడ్ పెట్టి, డెన్సిటీ ఒక మెట్టు లైట్ వైపు జరపండి. కాంట్రాస్ట్ అని వేరే సెట్టింగు ఉంటే దాన్నీ ఒక మెట్టు తగ్గించండి. ముఖం తేలి, అక్షరం ఇంకా నలుపుగా ఉంటే చాలు. ఫొటో ఉన్న కాగితాన్ని ఫీడరులో (కాగితాలను తనంతట తానే లాక్కునే పై భాగంలో) వేయకుండా అద్దం మీదే పెట్టండి, లామినేషన్ చేసిన కార్డయితే మరీ. లామినేషన్ మెరుపు ఫొటోలో తెల్ల మచ్చగా దిగితే కార్డును అద్దం మీద 90 డిగ్రీలు తిప్పి పెట్టి చూడండి.

మోడ్ మార్చినా నడిమి గళ్లు కలిసే ఉంటే క్యాలిబ్రేషన్, అంటే మిషను తన షేడ్లను తానే కొలిచి సరిచేసుకునే పని, చేయాలి. క్యానన్ ఇమేజ్‌రన్నర్ మిషన్లలో దీన్ని ఆటో గ్రేడేషన్ అడ్జస్ట్‌మెంట్ అంటారు, ఫుల్, క్విక్ అని రెండు రకాలు. వేరే కంపెనీల్లో క్యాలిబ్రేషన్, టోన్ అడ్జస్ట్‌మెంట్ లాంటి పేర్లతో ఉంటుంది. చేసే వరుస ఇది:

1. మిషను ఆన్ చేసిన వెంటనే వద్దు, 20 లేదా 30 కాపీలు తీసి వేడెక్కనివ్వండి.
2. అద్దం శుభ్రంగా తుడవండి. ట్రేలో అప్పుడే విప్పిన రీము కాగితం పెట్టండి.
3. ఫుల్ అడ్జస్ట్ నొక్కితే మిషను షేడ్ల పట్టీలున్న టెస్ట్ పేజీ ఇస్తుంది. బాణం గుర్తు చూపిన వైపు, అచ్చు వైపు కిందికి ఉండేలా, అద్దం మీద పెట్టి స్కాన్ చేయండి. ఫీడరులో వేయకండి.
4. తెర మీద అడిగినన్ని పేజీలు ఇలాగే చేయండి, మధ్యలో ఆపకండి.
5. మళ్లీ 11 గళ్ల పట్టీ కాపీ తీసి పాతదానితో పోల్చండి.

గీతలు, మచ్చలు వస్తున్న మిషనుకు క్యాలిబ్రేషన్ చేయకండి. ఆ గీతను కూడా మిషను సరైన షేడే అనుకుని దానికి తగ్గట్టు లెక్క మార్చుకుంటుంది. గీత పోయాక మొత్తం తప్పుతుంది. డ్రమ్, డెవలపర్ మార్చిన ప్రతిసారీ మాత్రం తప్పనిసరిగా చేయాలి.

లేత షేడ్లు, పెన్సిలు, నీలి సంతకం ఎగిరిపోతున్నాయి

ఆటో డెన్సిటీ పేజీ వెనుక రంగును కొలిచి దాన్ని తెలుపు చేస్తుంది, ఆ ఊపులో లేత గీతనూ తుడిచేస్తుంది. ఆటో తీసేసి చేత్తో సర్దండి. రికో మిషన్లలో లేత కాగితాల కోసం పేల్ అనే మోడ్ ఉంది, అది బాగా పనిచేస్తుంది. టోనర్ సేవ్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. పౌడరు ఆదా అయ్యేది లేత షేడ్లను మింగేసే.

పసుపుబారిన దస్తావేజు మీద నీలి బాల్‌పెన్ను రాత ఉంటే కాపీ మిషనుతో కుస్తీ పట్టకండి. కలర్ స్కాన్ చేసి, ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో రెడ్ చానెల్ (బొమ్మలోని ఎరుపు కాంతి భాగం) ఒక్కటే తీసుకుని నలుపు తెలుపుగా మార్చండి. ఎరుపు కాంతిలో పసుపు కాగితం తెల్లబడుతుంది, నీలి రాత నల్లబడుతుంది. అదే చానెల్‌లో ఎర్ర ముద్ర కూడా పలచబడి, దాని కింద దాగిన నీలి సంతకం పైకి తేలుతుంది. ముద్ర కూడా కనపడాల్సిన కాగితమైతే గ్రీన్ చానెల్ తీసుకోండి.

ఆన్‌లైన్ దరఖాస్తుకు స్కాన్ చేసేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఫైలు సైజు తగ్గాలని బ్లాక్ అండ్ వైట్ ఎంచుకుంటే ఫొటో అక్కడికక్కడే పోతుంది. 300 డీపీఐ గ్రే స్కేలులో తీయండి, ఇంకా తగ్గాలంటే 150 డీపీఐకి దిగండి, గ్రే మాత్రం వదలకండి. కాపీకి కాపీ తీయడం కూడా మానాలి. తరం మారినకొద్దీ లేతది ఇంకా లేతవుతుంది, ముదురుది ఇంకా ముదురుతుంది. ఒకసారి అసలు నుంచి గ్రే స్కాన్ చేసుకుని ఎన్ని కావాలన్నా అందులోంచే ప్రింటు తీయండి.

పేజీ అంతా బూడిద పొర

తెల్లకాగితం ఒకటి అద్దం మీద పెట్టి కాపీ తీయండి, ఖాళీ పేజీ ఒకటి కంప్యూటరు నుంచి పంపండి. కంప్యూటరు పేజీ తెల్లగా ఉండి కాపీ మాత్రమే బూడిదగా వస్తే అద్దం, మిర్రర్లు మురికైనట్టు. చీమకుర్తి గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు పక్క షాపుల్లోనూ, మార్కాపురం పలకల మిల్లుల దగ్గరా ఆ దుమ్ము సన్నగా లోపలికి చేరుతుంది. మిర్రర్లను తడిగుడ్డతో రుద్దితే పూత పోతుంది. గాలి బల్బుతో ఊది, మెత్తటి పొడిగుడ్డతో ఒకే వైపు తుడవాలి. పై అద్దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చు, గుడ్డ మీద చల్లుకోవాలి గానీ అద్దం మీద కాదు.

రెండు పేజీలూ బూడిదగా వస్తే డ్రమ్ అరిగిందో, క్లీనింగ్ బ్లేడు పోయిందో, లేదా మిషనుకు సరిపడని పౌడరు నింపారో. డెవలపర్‌లోని ఇనుప రేణువులతో రాసుకుని పౌడరుకు విద్యుదావేశం వస్తుంది. వేరే రకం పౌడరు కలిస్తే ఆ ఆవేశం సరిగా ఎక్కక తెల్ల చోట కూడా రాలుతుంది. అలా కలిసినప్పుడు పౌడరు ఒక్కటే మారిస్తే చాలదు, డెవలపర్ కూడా మార్చాలి.

పల్చటి కాగితంలో వెనక పేజీ అక్షరాలు తేలుతుంటే అది మిషను తప్పు కాదు. కాగితం వెనక నల్ల డ్రాయింగ్ షీటు పెట్టి, డెన్సిటీ ఒకటి రెండు మెట్లు తగ్గించి తీయండి.

అలలు, గళ్లు

పేపరులో పడిన ఫొటో అప్పటికే చుక్కలతో అచ్చయినది. ఆ చుక్కల వరుసా మీ మిషను చుక్కల వరుసా ఒకదానిమీద ఒకటి పడి అలలు పుడతాయి. అచ్చయిన ఫొటోల కోసం వేరే మోడ్ ఉంటే అది పెట్టి, షార్ప్‌నెస్ తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే కాగితాన్ని కొన్ని డిగ్రీలు వాలుగా పెట్టండి, లేదా సైజు 100 బదులు 97 శాతం చేయండి. బ్యాంకు చెక్కు కాపీలో, చెక్కు మీద కంటికి కనపడని అక్షరాలు పైకి తేలితే మాత్రం సర్దడానికి చూడకండి. బ్యాంకు చెక్కుల కోసం పెట్టిన సీటీఎస్ 2010 ప్రమాణం ప్రకారం అచ్చయిన చెక్కుల్లో, కాపీ తీసినప్పుడు బయటపడాలనే ఆ అక్షరాలు దాచి ఉంచారు.

నిలువు గీతలు

ఫీడరులో వస్తూ, అద్దం మీద పెడితే రాని సన్నటి నల్ల గీతకు కారణం పక్కనున్న సన్న అద్దం పట్టీ మీద అంటుకున్న వైట్నరో, జిగురో. గోరుతో గీకకుండా, ఆల్కహాలుతో తడిపిన గుడ్డను కాసేపు ఆనించి తుడవండి. కాపీలో మాత్రమే వచ్చే తెల్ల గీత అయితే అద్దం అంచు కింద ఉండే తెల్ల పట్టీ చూడండి. స్కానరు తెలుపును కొలుచుకునేది దాని మీదే. దానిపై మచ్చ ఉంటే ఆ వరుస మొత్తాన్నీ మిషను తెల్లగా చేసేస్తుంది.

ప్రింటులోనూ వస్తుంటే గీత రంగు చూడండి. తెల్ల గీతకు లేజర్ బయటికి వచ్చే గాజు మురికి, నల్ల గీతకు డ్రమ్‌కు ఛార్జి ఇచ్చే కరోనా వైరు మురికి ఎక్కువగా కారణం. పాత అనలాగ్ మిషన్ల మీద పని నేర్చుకున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. వాటిలో ఛార్జి తగ్గిన చోట తెల్లగా వచ్చేది. డిజిటల్ మిషనులో లేజర్ తగిలి ఛార్జి పోయిన చోటే పౌడరు అంటుతుంది కాబట్టి వైరు మురికై ఛార్జి తగ్గితే నల్లగా వస్తుంది. వైరును శుభ్రం చేసే కడ్డీని చివరిదాకా నాలుగైదుసార్లు మెల్లగా లాగి తోయండి. డ్రమ్ బయటికి తీస్తే నల్ల కాగితం కప్పండి, వెలుతురు దాన్ని పాడు చేస్తుంది.

బూడిద భాగం మచ్చలు మచ్చలుగా, దూది పింజలా

అక్షరాలు బాగానే ఉండి నిండు బూడిద భాగం మాత్రం చెదిరినట్టు వస్తే ముందు కాగితాన్ని అనుమానించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, దానికితోడు సముద్రపు గాలి. చెమ్మ పీల్చిన కాగితం ఛార్జిని నిలుపుకోదు, పౌడరు డ్రమ్ నుంచి దాని మీదికి సమంగా దిగదు. అక్షరానికి పౌడరు గట్టిగా పడుతుంది కనుక తేడా తెలియదు, లేత చుక్కలే రాలిపోతాయి.

కొత్త రీము విప్పి అదే పేజీ తీయండి. బాగుపడితే మిషనులో తప్పు లేనట్టే. ట్రేలో ఆ రోజుకు సరిపడా కాగితమే పెట్టి, మిగతాది రీము కవరులోనే మడిచి, నేల మీద కాకుండా బల్ల మీద ఉంచండి. కొన్ని మిషన్లకు ట్రే హీటరు ఉంటుంది, దాని స్విచ్చి విడిగా లోపలెక్కడో ఉంటుంది కాబట్టి సర్వీసు మనిషిని అడిగి వానాకాలమంతా ఆన్ చేయించండి. రాత్రి గోడ మీది స్విచ్చి కట్టేస్తే అది పనిచేయదు, ప్లగ్గుకు కరెంటు ఉంచాలి.