ఇంట్లో ఉన్నది ఇద్దరే అయితే: మహమ్మారి రోజులకు ఒక రిటైర్డ్ నర్సు పద్ధతులు

రిటైరైన దంపతుల ఇంట్లో పనులు ఎప్పుడో పంచేసుకుని ఉంటాయి. బ్యాంకు, బిల్లులు, రిపేర్లు ఒకరివి. వంట, మందులు, చుట్టాలతో ఫోన్లు ఇంకొకరివి. ఏళ్ల తరబడి అలాగే నడిచిపోతుంది. మహమ్మారి వచ్చినప్పుడు మాత్రం ఈ ఏర్పాటే కొంప ముంచుతుంది. ఇద్దరిలో ఒకరు మంచం పట్టగానే సగం ఇల్లు ఆగిపోతుంది. రావాల్సిన పిల్లలు రాలేరు, పక్కింటివాళ్లు గుమ్మం దాటలేరు.

నేను రిటైరయ్యేదాకా ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా చేశాను. మావారు లెక్కల మాస్టారు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించినప్పుడు మా ఇంట్లో మేము ముందు మొదలుపెట్టింది ఒకరి పని ఇంకొకరికి నేర్పడం. మాస్కులూ సబ్బులూ ఆ తర్వాత. రేపు ఇంకో మహమ్మారి వచ్చినా నేను ఇదే వరుసలో చేస్తాను.

పనులు మార్చుకోవడం

వారంలో ఒక రోజు పెట్టుకోండి. ఆ రోజు మీ పనులన్నీ వాళ్లు చేయాలి, వాళ్ల పనులన్నీ మీరు చేయాలి. పని తెలిసిన మనిషి కుర్చీలో కూర్చుని చూడాలి, అడిగితేనే నోరు విప్పాలి. అసలు కష్టం అక్కడే ఉంది. మావారు వంటింట్లో గిన్నె మూతల కోసం ప్రతి అరా తెరిచి వెతుకుతుంటే కూర్చున్నచోట నాకు నిలకడ ఉండేది కాదు. కానీ మనం చెప్పేస్తే వాళ్లకు రాదు. జ్వరంతో పడుకుని గదిలోంచి "ఆ డబ్బా కాదండీ, పక్కది" అని అరిచే ఓపిక అప్పుడు మనకు ఉండదు కదా.

వంటలో ఆరితేరక్కర్లేదు. తేలిగ్గా అరిగేవి రెండు మూడు రకాలు చేయడం, గ్యాస్ కట్టేయడం, వాషింగ్ మెషీన్ నడపడం వస్తే చాలు. అటువైపు నేను నేర్చుకున్నవి: ఏ బిల్లు ఎప్పుడు కట్టాలి, పింఛను ఏ ఖాతాలో పడుతుంది, మెయిన్ స్విచ్ ఎక్కడుంది, నీళ్ల వాల్వు ఎటు తిప్పాలి, ఇన్సూరెన్సు కాగితాలు ఏ ఫైల్లో ఉన్నాయి. ఒకరి ఫోన్ ఇంకొకరు తెరవగలగాలి. టీకా అనో, సాయం డబ్బు అనో ఎవరు ఫోన్ చేసి ఓటీపీ అడిగినా మారుమాట లేకుండా ఫోన్ కట్ చేసేయాలి. జనం భయపడుతున్న రోజుల్లోనే ఈ మోసగాళ్లకు గిరాకీ.

అన్నిటికంటే ముఖ్యం మందులు. మావారిది బీపీ మాత్ర, నాది థైరాయిడ్ మాత్ర. రెండూ తెల్లగా, చిన్నగా, గుండ్రంగా ఉంటాయి. అందుకని ఇద్దరి డబ్బాలు వేర్వేరు రంగుల్లో పెట్టాం. షీటు కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కను చివరిదాకా ఉంచండి. పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. గుర్తుపెట్టుకోవాల్సింది దాన్ని. షాపులో సరుకు దొరక్క వేరే కంపెనీది ఇచ్చినప్పుడు, పాతదీ కొత్తదీ రెండూ వేసేసుకుని కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను వార్డులో చాలామందినే చూశాను. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, కాల్షియం మాత్రకూ దానికీ నాలుగు గంటలైనా ఎడం ఉండాలి. ఇలాంటివి మనకు అలవాటులో ఉండిపోతాయి, పక్క మనిషికి ఎప్పుడూ చెప్పి ఉండం. కాగితం మీద పెట్టండి.

నెలకు సరిపడా మందులు ఎప్పుడూ ఎక్కువే ఉండాలి. ఎవరో ఏదో అన్నారని రోజూ వేసుకునే మాత్ర ఆపకండి. 2020లో కొన్ని రకాల బీపీ మాత్రలు కోవిడ్‌ను ముదరబెడతాయన్న మాట పాకింది. గుండె వైద్యుల సంఘాలు అప్పుడే ఆపొద్దని స్పష్టంగా చెప్పాయి.

ఒక కాగితం, ఒక సంచి

ఒక్కొక్కరికీ ఒక కాగితం రాయండి. పేరు, పుట్టిన తేదీ, జబ్బులు, మందుల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, పడని మందులు, జరిగిన ఆపరేషన్లు, మామూలు రోజుల్లో ఉండే బీపీ, షుగరు, ఆక్సిజన్ అంకెలు, వేసుకున్న టీకాల తేదీలు, ఫోన్ చేయాల్సిన ఇద్దరి నంబర్లు. అంతా ఒక్క పేజీలో పట్టాలి. రెండో పేజీ ఎమర్జెన్సీలో ఎవరూ తిప్పరు. ఒక కాపీ ఫ్రిజ్ తలుపు మీద, ఒకటి సంచిలో, ఒక ఫొటో పిల్లల ఫోన్లో.

ఇక సంచి. కోవిడ్ వార్డుల్లోకి చాలాచోట్ల ఇంటివాళ్లను రానివ్వలేదు. అంటే లోపలికి వెళ్లిన మనిషికి గొంతు, కళ్లు, చెవులు అన్నీ ఆ సంచే. అదనపు కళ్లజోడు, వినికిడి మిషన్, దాని బ్యాటరీలు, పళ్లసెట్టు పెట్టుకునే డబ్బా, పొడుగు వైరున్న ఛార్జరు, మూడు రోజుల మందులు, ముందుకు తెరుచుకునే చొక్కా లేదా నైటీ. ప్రతి వస్తువు మీదా చెరగని పెన్నుతో పేరు రాయండి. పళ్లసెట్టు పోయినంత తేలిగ్గా ఆస్పత్రిలో ఇంకేదీ పోదు. పేషెంటు దుప్పట్లతోపాటు ఉతుక్కి వెళ్లిపోతుంది. కళ్లజోడు, వినికిడి మిషన్ లేని పెద్ద వయసువాళ్లకు మతిభ్రమ లాంటిది త్వరగా వస్తుంది. ఎక్కడున్నారో తెలియదు, పెట్టిన గొట్టాలు పీకేస్తారు. చూసేవాళ్లు "ముసలితనం" అనేస్తారు. సగం కారణం ఆ కళ్లజోడు ఇంట్లో ఉండిపోవడమే.

గాలి, చేతులు, మాస్కు

కోవిడ్ ఎక్కువగా పాకేది మనం వదిలే ఊపిరితో. కాబట్టి సరుకుల సంచులు గంటలకొద్దీ తుడవడం కంటే ఎదురెదురు కిటికీలు తీసి ఉంచడం మేలు. చేతులు సబ్బుతో 20 సెకన్లు, బయట ఉంటే కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్. ఎన్95 మాస్కు పెట్టుకున్నాక కళ్లజోడు మసకబారుతుంటే ముక్కు దగ్గర సందు ఉన్నట్టు. మాస్కులో ముక్కు మీద ఉండే తీగను రెండు చేతుల వేళ్లతో ఒత్తండి.

ఇంకో మాట. ఒకరు గడప దాటకుండా ఉండి రెండోవారు రోజూ బజారుకు వెళ్లొస్తే ఇద్దరూ వెళ్లొచ్చినట్టే. బయటికి వెళ్లాల్సిన పనులన్నీ కూడబెట్టి, జనం లేని వేళ ఒకేసారి చూసుకోండి.

అంకెలు ఎలా చూడాలి

వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూసే పల్స్ ఆక్సీమీటరు కొని డ్రాయరులో పడేస్తే లాభం లేదు. ఒంట్లో బాగున్న రోజుల్లోనే ఇద్దరూ చూసుకుని మామూలు అంకె రాసి పెట్టుకోవాలి. గోళ్ల రంగు తీసేయండి. చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని వెచ్చబరచండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని మధ్య వేలికి పెట్టండి. మొదట్లో అంకె పైకీ కిందకీ గెంతుతుంది. నిలకడగా ఆగిన అంకెనే రాయండి. మావారు అంతకుముందు కనిపించిన పెద్ద అంకె రాసుకునేవారు. "మార్కులు వేయడం కాదండీ ఇది" అని చెప్పాల్సి వచ్చింది. ముదురు రంగు చర్మం మీద ఈ మిషన్ ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది. అందుకే ఒక్క అంకెను నమ్ముకోకుండా, రోజురోజుకూ తగ్గుతోందా అన్నది చూడాలి.

మామూలుగా 95, ఆ పైన ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు 94 కంటే తగ్గితే ఆ పూటే డాక్టరుతో మాట్లాడండి. 90 కంటే దిగితే ఇక ఆలోచించకుండా ఆస్పత్రికే. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఈ అంకెలు వేరుగా ఉంటాయి, వాళ్ల డాక్టరు చెప్పినవి కాగితం మీద రాసుకోవాలి. కోవిడ్‌లో అంకె పడిపోతున్నా మనిషికి ఆయాసం తెలియకపోవచ్చు. "నాకేం, బాగానే ఉన్నా" అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు.

పెద్ద వయసులో జ్వరం సరిగా రాదు. థర్మామీటరు మామూలుగా చూపించినా లోపల జబ్బు నడుస్తూనే ఉండొచ్చు. ఉన్నట్టుండి తిండి సయించకపోవడం, పగలంతా మగత, మాటలో తికమక, కారణం లేకుండా తూలి పడటం, ఇవే మొదటి గుర్తులు కావచ్చు. వీటిని డాక్టరు ఫోన్లో కనిపెట్టలేడు. రోజూ పక్కన ఉండే మనిషే కనిపెట్టాలి. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివే మనిషి, దాన్ని మడత విప్పకుండా వదిలేశాడంటే నేను ఆక్సీమీటరు తీస్తాను.

కోవిడ్‌లో మొదటి రోజుల్లో తేలిగ్గా ఉండి, వారం దగ్గరపడేసరికి ముదరడం మామూలే. ఐదో రోజు నుంచి పదో రోజుదాకా ఎక్కువ జాగ్రత్త. ఇంకొకటి గట్టిగా చెబుతున్నా: ఎవరికో పనిచేసిందని స్టెరాయిడ్లు వేసుకోకండి. 2020 జూన్‌లో ఫలితాలు బయటికి వచ్చిన బ్రిటన్ రికవరీ ట్రయల్లో (కోవిడ్ మందులను పేషెంట్ల మీద పరీక్షించి చూసిన అధ్యయనం) డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడింది ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే. అవసరం లేనివాళ్లకు ఏ మేలూ కనిపించలేదు. పైగా షుగరు పెరిగిపోతుంది. యాంటీబయాటిక్స్ కూడా వైరస్‌ను ఏమీ చేయలేవు.

ఒకరికి వస్తే

వచ్చిన మనిషికి కిటికీ ఉన్న గది ఇవ్వండి. తలుపు వేసి, దాని బయట ఒక స్టూలు. ప్లేటు స్టూలు మీద పెట్టి రెండోవారు వెనక్కి జరిగాకే తలుపు తెరవాలి. ఎదురుపడితే ఇద్దరికీ మాస్కు. బాత్రూం ఒకటే అయితే బాగున్న మనిషి ముందు వాడుకోవాలి, తర్వాత కిటికీ తీసి ఫ్యాను వేసి ఉంచాలి. నాకు ఒక చెవి మందం. మాస్కులో పెదాలు కనిపించక, తలుపు అడ్డం పడి, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చిన్న పలక ఒకటి తెచ్చి దాని మీద రాసి కిటికీలోంచి చూపించుకున్నాం. రాత్రి ఒకసారి లేచి చూడటానికి అలారం పెట్టుకోండి. సేవ చేస్తున్న మనిషి కూడా మొదటి రోజు నుంచే తన అంకెలు రాసుకోవాలి.

ఇద్దరికీ వచ్చేస్తే విడివిడి గదులు అక్కర్లేదు. ఒకే గదిలో ఉంటే ఒకరినొకరు చూసుకోవచ్చు. అప్పుడు బయటి మనిషి ఒకరు పొద్దున, సాయంత్రం ఒకే వేళకు ఫోన్ చేసేలా ముందే మాట్లాడిపెట్టుకోండి. ఎత్తకపోతే పది నిమిషాలాగి మళ్లీ చేయాలి, అప్పటికీ ఎత్తకపోతే తాళంచెవి ఉన్న పొరుగువాళ్లను పంపాలి. ఈ వరుస ఆ మనిషికి ముందే తెలియాలి.

ఇద్దరూ రోజంతా ఒకే కప్పు కింద

దీని గురించి ఎవరూ రాయరు గానీ, వైరస్ కంటే ముందు ఇంట్లోకి వచ్చేది చిరాకు. మధ్యాహ్నం రెండు గంటలు ఎవరి గది వారిది, పిలవకూడదు, పలకకూడదు అని పెట్టుకోండి. ఒంటరితనం కాదిది, ఊపిరి. మావారికి పేపర్లో మరణాల అంకెలు పైకి చదివి, నిన్నటితో శాతం కట్టే అలవాటు మొదలైంది. వార్తలు రోజుకు ఒకసారే, రాత్రి భోజనానికి ముందే ముగించాలి అని ఖరారు చేశాను. టెన్షన్ తగ్గింది, నిద్ర కూడా కుదిరింది.

మనవలతో వీడియో కాల్ అంటే "ఏం చేస్తున్నావు" అన్నాక మాట దొరకదు. ఏదైనా పని పెట్టుకోండి. మావారు ఇటు బోర్డు పెట్టి మనవడితో చదరంగం ఆడతారు. గంట తెలియదు.

కాళ్లు

ఇల్లు కదలకపోతే ముందు పోయేది కాళ్లలో సత్తువ. ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసువాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనంలో కాళ్ల కండ సుమారు కిలో తగ్గిపోయింది. అందుకని చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవడం, నెమ్మదిగా కూర్చోవడం, పదిసార్లు, రోజుకు రెండు పూటలా. బల్ల పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, మడమలు ఎత్తి కాలివేళ్ల మీద పైకి లేవడం. 65 దాటినవాళ్లు వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా కదలాలని, వారానికి మూడు రోజులైనా తూలకుండా నిలబడే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. హాల్లో అటూ ఇటూ నడిచినా లెక్కే.

జబ్బు తగ్గి గదిలోంచి బయటికి వచ్చినవాళ్లు ఇవన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టకూడదు. మొదటి వారం కుర్చీలోంచి లేవడం ఒక్కటే, అదీ పక్కన మనిషి ఉన్నప్పుడు. లేచాక ఆక్సీమీటరు పెట్టి చూడండి, అంకె ముందున్నదానికంటే మూడు, ఆ పైన తగ్గితే ఆపి డాక్టరుకు చెప్పండి. స్నానం కూర్చుని చేయాలి, తలుపు గడియ పెట్టకూడదు. గుండె దడ, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆ రోజుకు వ్యాయామం లేదు. ఛాతీ నొప్పి ఆగకుండా ఉంటే ఆ కాగితమూ సంచీ తీసుకుని బయల్దేరడమే.