ముందు చదవండి, తర్వాతే రాయండి: ఇంట్లో ప్రోగ్రామర్ చేసుకునేవాళ్లకు జాగ్రత్తలు

మైక్రోకంట్రోలర్ చిప్‌లోకి కోడ్ ఎక్కించే చిన్న బోర్డును ప్రోగ్రామర్ అంటారు, అది బజార్లో చవగ్గానే దొరుకుతుంది. అయినా సరే, సొంతంగా ఒకటి చేసుకోండి, చిప్‌లోకి కోడ్ ఎలా వెళ్తుందో అప్పుడే బాగా అర్థమవుతుంది. కాకపోతే ఇందులో తేడా వస్తే దెబ్బ తగిలేది మీరు చేసిన చిన్న బోర్డుకు మాత్రమే కాదు, దానికి అటు ఉన్న ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకీ, ఇటు ఉన్న చిప్‌కీ కూడా. అందుకే ఏ దశలోనైనా ముందు కొలవండి, చిప్‌ని చదవండి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే రాయండి. ఉదాహరణకు థామస్ ఫిష్ల్ డిజైన్ చేసి అందరికీ తెరిచి ఇచ్చిన యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్‌ని తీసుకుంటున్నా. ఒక ఏటీమెగా8 మైక్రోకంట్రోలర్ చిప్, దాని క్లాక్ కోసం 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, వోల్టేజీని అదుపులో ఉంచే రెండు జీనర్ డయోడ్లు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, అంతే. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే చాలు.

మొదటి చిక్కు చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే ఉంటుంది. ప్రోగ్రామర్‌లోని ఏటీమెగా8లోకి ఫర్మ్‌వేర్ (అది నడిచే కోడ్) ఎక్కించాలంటే ఇంకో ప్రోగ్రామర్ కావాలి. స్నేహితుల దగ్గర ఆర్డ్యుయినో ఊనో బోర్డు ఉంటే అడిగి తెచ్చుకోండి, అందులో ఆర్డ్యుయినో ఐఎస్‌పీ అనే స్కెచ్, అంటే ప్రోగ్రామ్, వేస్తే పని అయిపోతుంది. స్కెచ్ ఎక్కించాక ఊనో రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి, ప్లస్ కాలు రీసెట్ వైపు. ముందే పెడితే స్కెచ్ ఎక్కదు, అసలు పెట్టకపోతే ఊనో తనే రీసెట్ అవుతూ ఉంటుంది.

సోల్డరింగ్ గురించి రెండు మాటలు. పొగ మొహానికి తగలకుండా కిటికీ దగ్గర కూర్చోండి, 60/40 సోల్డర్ తీగలో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినండి. మొదటిసారి అయితే డాట్ బోర్డు మీదే చేయండి. పీసీబీ ఎచింగే కావాలంటే ఫెర్రిక్ క్లోరైడ్‌ను ప్లాస్టిక్ టబ్బులోనే వాడండి, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, మిగిలింది సింకులో పోయకండి.

బోర్డు పూర్తవగానే ల్యాప్‌టాప్‌కి గుచ్చాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. ముందు చిప్ తీసేసి, ఖాళీ సాకెట్లో 7వ కాలుకీ 8వ కాలుకీ మధ్య షార్ట్ ఉందేమో మల్టీమీటర్‌తో చూడండి. తర్వాత యూఎస్‌బీ బదులు మూడు పెన్సిల్ సెల్స్ పెట్టండి, 4.5 వోల్టులు వస్తాయి, ఏదైనా షార్ట్ ఉన్నా వేడెక్కేది సెల్సే. 7, 20 కాళ్ల దగ్గర సరైన వోల్టేజీ వచ్చిందా, 8, 22 గ్రౌండ్ అయ్యాయా చూసుకుని అప్పుడు చిప్ పెట్టండి. కేబుల్ కోసి వాడేవాళ్లు రంగులు నమ్మొద్దు. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, ఆకుపచ్చ డీ ప్లస్, తెలుపు డీ మైనస్ అనేది రూలే గానీ చవక కేబుల్స్‌లో అది తప్పుతుంది. జీనర్లు 3.6 వోల్టులవి, అర వాట్‌వో అంతకంటే చిన్నవో తీసుకోండి. ఒక వాట్ పైబడినవాటికి కెపాసిటెన్స్ ఎక్కువ, యూఎస్‌బీ సిగ్నల్ పాడై ల్యాప్‌టాప్ డివైస్‌ని గుర్తించదు, మీరేమో డ్రైవర్ తప్పనుకుని రోజంతా వెతుకుతారు. మొదటిసారి కలిపేది నేరుగా ల్యాప్‌టాప్‌కి కాకుండా సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌కి అయితే ఇంకా మంచిది.

ఇప్పుడు చెప్పేది ప్రాణానికి సంబంధించినది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో 230 వోల్టులను తగ్గించుకునే బోర్డులుంటాయి, ఎల్‌ఈడీ లైట్లలో, చవక టైమర్లలో, రిలే బోర్డుల్లో. వాటి గ్రౌండ్ నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. అలాంటి బోర్డు ప్లగ్‌లో ఉండగా ప్రోగ్రామర్ కలిపితే కరెంటు ల్యాప్‌టాప్‌లోకీ మీ చేతిలోకీ వస్తుంది. ప్లగ్ తీసేయండి, పెద్ద కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాయని మీటర్‌తో చూడండి, వీలైతే చిప్‌ను సాకెట్ నుంచి తీసి బయట ప్రోగ్రామ్ చేయండి. మామూలు బోర్డులతో కూడా ఒక ఇబ్బంది ఉంది. మన ఇళ్లలో చాలాచోట్ల ప్లగ్‌కి మూడో రంధ్రం ఉన్నా వెనక ఎర్త్ సరిగ్గా ఉండదు, ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్ తాకితే జివ్వుమనేది అందుకే. ఆ లీకేజీ చిన్నదే అయినా చిప్ పిన్‌కి ఎక్కువే. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, అన్ని పవర్లూ ఆఫ్‌లో ఉండగా కేబుల్ కలపండి, అందులోనూ గ్రౌండ్ ముందు.

ఐఎస్‌పీ కనెక్టర్‌కి, అంటే ప్రోగ్రామర్‌ను చిప్ ఉన్న బోర్డుకు కలిపే దానికి, గాడి ఉన్న బాక్స్ హెడర్ వాడండి. ఉత్త పిన్నులైతే ఎప్పుడో ఒకసారి తిరగేసి పెడతారు, ఆరు పిన్నుల దాంట్లో అలా పెడితే 5 వోల్టులు రీసెట్ మీదకి పోతాయి. బోర్డు మీద ఎస్‌డీ కార్డు ఉంటే అది 3.3 వోల్టులది, పైగా ప్రోగ్రామింగ్‌కి వాడే ఎస్‌పీఐ తీగలనే వాడుతుంది, ప్రోగ్రామ్ చేసేముందు తీసేయండి.

ఇక అసలైన రాత. ఏవీఆర్‌డ్యూడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ముందు సిగ్నేచర్, అంటే చిప్ రకాన్ని చెప్పే గుర్తు సంఖ్య, ఒక్కటే చదవండి. ఏటీమెగా8 అయితే 1ఈ 93 07 అని రావాలి. అన్నీ సున్నాలో ఎఫ్‌ఎఫ్‌లో వస్తే వైరింగో క్లాకో తప్పు. కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి 1 మెగాహెర్ట్జ్ లోపలి క్లాక్‌తో వస్తుంది, ప్రోగ్రామర్ వేగం చిప్ వేగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి, యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా 375 కిలోహెర్ట్జ్‌లో మాట్లాడుతుంది. అందుకే స్లో క్లాక్ జంపర్ పెట్టండి, 8 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. దయచేసి సిగ్నేచర్ చెక్‌ను దాటించే మైనస్ ఎఫ్ వాడకండి. ఏటీమెగా328, 328పీ సిగ్నేచర్లు వేరు, మొదటిది 1ఈ 95 14, రెండోది 1ఈ 95 0ఎఫ్, కమాండ్‌లో చిప్ పేరు మారిస్తే సరిపోయేదానికి బలవంతం ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువ చిప్‌లు ఆగిపోయేది ఫ్యూజ్ బిట్ల దగ్గరే అని నా అభిప్రాయం. ఫ్యూజ్ బిట్లంటే క్లాక్, రీసెట్ లాంటివి ఎలా పనిచేయాలో నిర్ణయించే సెట్టింగులు. ఏవీఆర్‌లో, అంటే ఏటీమెగా కుటుంబంలో, ఫ్యూజ్ ప్రోగ్రామ్ అయిందంటే ఆ బిట్ 0 అని. కొన్ని సాఫ్ట్‌వేర్లలో టిక్ పెడితే 0, కొన్నిట్లో 1, ఇక్కడే అందరికీ టెన్షన్. ముందు ఉన్న విలువలు చదివి కాగితం మీద రాసుకోండి. కొత్త ఏటీమెగా8లో హై ఫ్యూజ్ బైట్ డీ9, లో ఫ్యూజ్ బైట్ ఈ1 (హెక్స్ అంకెల్లో) ఉంటాయి. యూఎస్‌బీఏఎస్‌పీ కోసం అవి సీ9, ఈఎఫ్ కావాలి, అదీ క్రిస్టల్ బిగించిన తర్వాతే. క్రిస్టల్ లేకుండా మారిస్తే చిప్ పలకదు, కానీ చచ్చిపోలేదు, క్రిస్టల్ పెట్టగానే లేస్తుంది. రీసెట్ డిసేబుల్ ఫ్యూజ్ మాత్రం అలా కాదు. అది పడితే ఈ ప్రోగ్రామర్‌తో ఇక లోపలికి దారి ఉండదు, 12 వోల్టుల హై వోల్టేజ్ ప్రోగ్రామర్ కావాలి. దాని జోలికి అసలు పోవద్దు.

పిక్ అనే మరో రకం మైక్రోకంట్రోలర్ చిప్‌ల వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. జేడీఎం అనే పాత ప్రోగ్రామర్ సర్క్యూట్ సీరియల్ పోర్టు వోల్టేజీ మీద నడుస్తుంది, యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్‌తో ఆశ పెట్టుకోవద్దు. 16ఎఫ్84ఏ లాంటివాటికి ప్రోగ్రామ్ చేసేటప్పుడు 13 వోల్టుల దాకా పడుతుంది, అదే 18ఎఫ్ కే20 రకాలకు గరిష్ఠం 9 వోల్టులే, అందుకే డేటాషీట్ చూడకుండా చిప్ పెట్టొద్దు. 12ఎఫ్675, 12ఎఫ్629 అయితే తుడిచేముందు తప్పకుండా చదవండి. చివరి అడ్రస్ 3ఎఫ్‌ఎఫ్‌లో 34తో మొదలయ్యే సంఖ్య ఉంటుంది, ఆ చిప్ లోపలి క్లాక్ (ఆసిలేటర్) వేగాన్ని సరిచేసే క్యాలిబ్రేషన్ అది, ఏ రెండు చిప్‌లకీ ఒకటే అని అనుకోకండి. ఎరేజ్‌లో అది పోవచ్చు, కాబట్టి చిన్న స్టిక్కర్ మీద రాసి చిప్ వీపుకే అంటించండి.