యాడ్, పాట, డాక్యుమెంటరీ: షూట్‌కి ముందే తేల్చుకోవాల్సినవి

కొటేషన్‌లో ‘30 సెకన్ల యాడ్’ అని మాత్రమే రాస్తే, తర్వాత 20, 10 సెకన్ల కట్లు, 9:16 నిలువు వెర్షన్ అదే డబ్బుకి అడుగుతారు. ఒక్కోదానికి విడిగా రేటు వేయండి. మార్పులు రెండు విడతలే. సగం అడ్వాన్స్ ఖాతాలో పడ్డాకే లొకేషన్ బుకింగ్. ‘మనవాళ్లే’ అన్న క్లయింట్‌కైనా ఇదే లెక్క. మిగతా సగం డబ్బు అందేదాకా వాటర్‌మార్క్ (తెర మీద మీ పేరు ముద్ర) ఉన్న కాపీ ఇస్తే చాలు.

పాటలో స్లోమోషన్ లిప్‌సింక్‌కి (పెదవులు పాటకు కలవడానికి) ఎడిట్ టైమ్‌లైన్ సెకనుకు 25 ఫ్రేములైతే, కెమెరాలో 50 ఫ్రేములతో తీస్తూ, సెట్‌లో పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి. మామూలు వేగంతో వినిపిస్తే ఎడిట్‌లో పెదవులు సగం వేగానికి పడిపోయి పాటకు కలవవు. షట్టర్ 1/100 సెకను పెడితే ట్యూబ్‌లైట్ల ఫ్లికర్ (మినుకుమినుకు) కూడా రాదు.

డాక్యుమెంటరీకి సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, సంతకం కెమెరా ఆన్ చేయకముందే. ఎడిట్ అయ్యాక అడిగితే కొందరు వెనక్కి తగ్గుతారు.