కమ్యూనిటీ కాలేజీ నుంచి బర్క్‌లీకి బదిలీ కావాలంటే

కాలిఫోర్నియాలోని రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే అసిస్ట్ వెబ్‌సైట్ తెరిచి, మీ కాలేజీలోని ఏ కోర్సు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లైన బర్క్‌లీలో లేదా యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్)లో మీరు కోరుకునే మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) సరిపోతుందో చూసుకోవాలి. కాలిక్యులస్ కోర్సులను ఒకదాని తర్వాతే మరొకటి చదవాలి గనుక, ఆలస్యంగా మొదలుపెడితే బదిలీకి కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లు (క్రెడిట్లు) పూర్తయినా కంప్యూటర్ సైన్స్ వంటి మేజర్లకు కావలసిన కోర్సులు మిగిలిపోతాయి. జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులకన్నా వీటికే ముందు చోటివ్వడం మేలని నా అభిప్రాయం. ముందుగానే సీటుకు హామీ ఇచ్చే ట్యాగ్ పథకంలో బర్క్‌లీ, యూసీఎల్ఏ రెండూ లేవు కాబట్టి, సెప్టెంబరులో అదే యూనివర్సిటీకి చెందిన డేవిస్ క్యాంపస్‌కో ఇర్వైన్ క్యాంపస్‌కో ట్యాగ్ పెట్టుకుని (మీ మేజర్‌కు అది వర్తిస్తేనే సుమా), అక్టోబరు, నవంబరు నెలల్లో అసలు దరఖాస్తు పంపాలి. రాయవలసిన నాలుగు వ్యాసాల్లో ఒకటి మేజర్‌కు మీరెలా సిద్ధమయ్యారన్నదే. జనవరిలో తాజా గ్రేడ్లు నమోదు చేయడం మరువకూడదు.